కొసరు

పిన్ని పోయింది. ఆవిడ పెద్దకర్మకి బెల్లం చాలదంటే నేను తెస్తానని లేచాను. బెల్లం మీద శ్రద్ధ ఏమీ లేదు. ఇంట్లో కూర్చుంటే వచ్చిన ప్రతివాళ్లకీ మొదట్నించీ చెప్పాలి, ఎప్పుడు పోయింది, ఎలా పోయింది, దగ్గర ఎవరున్నారు అని. విశాఖ వన్‌టౌన్ సందుల్లోంచి పూర్ణా మార్కెట్ వైపు నడుస్తుంటే కాస్త ఊపిరాడింది.

మార్కెట్ చాలా మారింది. బెల్లం కొట్ల దగ్గరికి వచ్చేసరికి వాసన మాత్రం అదే. అనకాపల్లి దిమ్మలు, కింద పరిచిన గోనెసంచులు, పక్క కొట్లోంచి ఎండుమిరపకాయల ఘాటు, అన్నిటి అడుగునా ఎప్పుడూ ఆరని తడి. నాకు అది తాతయ్య చొక్కా వాసన.

కొట్టతను కాటా మీద బెల్లం పెట్టాడు. ఎర్ర అంకెలు కిలో దాటి ఇరవై గ్రాములు ఎక్కువ చూపించాయి. కత్తి మొనతో ఓ పలుకు కొట్టి తీశాడు. ఇంకా నాలుగు గ్రాములుంది. గోటితో గీరి అదీ తీశాడు. సరిగ్గా కిలో. తప్పేముంది, నేను డబ్బిచ్చేదీ కిలోకే. అయినా నాకు తెలియకుండానే నా చెయ్యి ముందుకు వెళ్లింది. అరవై దాటినవాణ్ణి, అరచెయ్యి చాపుకుని నిలబడ్డాను. అతను ఓసారి చూసి, "ఫోన్‌పే ఇటుందండీ" అని బోర్డు నా వైపు తిప్పాడు.

కొసరు కోసం చాపిన చెయ్యి అది. అతనికేం తెలుసు.

*

తాతయ్య కొట్టు అక్కడికి రెండు సందుల అవతల ఉండేది. ఇప్పుడక్కడ మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. అప్పట్లో ఆ కొట్టుకి షట్టర్ లేదు, చెక్క పలకలు. ఒక్కో పలక మీదా తారుతో అంకె. రాత్రి ఒకటి నుంచి పదకొండు దాకా వరసగా దూర్చాలి, పొద్దున్న పదకొండు నుంచి వెనక్కి తీసుకుంటూ రావాలి. నాకు అంకెలు తిరగేసి చదవడం బళ్లో కాదు, అక్కడ వచ్చింది.

పలకలు తీశాక సాంబ్రాణి. సాంబ్రాణి తర్వాత తరాజు. ఇత్తడి పళ్ళేలు రెండూ పంచె కొంగుతో తుడిచి, ఖాళీ తరాజు పైకెత్తి, ముల్లు నిలబడేదాకా కదలకుండా చూసేవాడు. కొత్త మనిషి ఎవరొచ్చినా ముందు ఖాళీ తరాజు ఎత్తి చూపించాకే బేరం. రాళ్లు ఇనపవి. అడుగున గుంటలో సీసం పోసి, ఆ సీసం మీద తూనికల శాఖవాళ్లు ముద్ర కొట్టి ఇచ్చేవారు. ఖాళీగా ఉన్నప్పుడు నేను ఆ ముద్రల మీద వేలు రాస్తూ కూర్చునేవాణ్ణి. కిలోలూ గ్రాములూ 1958లోనే మొదలైనా మా కొట్టుకొచ్చే ముసలమ్మలు వీశె, నవటాకు అనే అడిగేవారు. తాతయ్య మనసులోనే లెక్క కట్టి గ్రాముల్లో తూచేవాడు.

తూచడం అయ్యాక కొసరు. సరుకు పళ్ళెం కిందికి మొగ్గాక కూడా ఇంకో చిటికెడు పొట్లంలోకి పడేది. వెంట పిల్లలుంటే వాళ్ల చేతిలో ఓ బెల్లం పలుకో, నాలుగు పుట్నాలో. అడక్కపోయినా ఇచ్చేవాడు. ఎవరైనా అడిగితే మాత్రం మొహం చిట్లించేవాడు. "అడిగితే కొసరెలా అవుద్దిరా, అది బేరం."

ఇదంతా విని ఆయన్ని పటం కట్టి గోడకి పెట్టకండి. పిసినారి. పురుగు పట్టిన కందిపప్పు మా ఇంటికి, మంచిది కొట్లోకి. పొట్లం కట్టే దారం మూర పొడుగు ఎక్కువ లాగితే చెవి మెలేసేవాడు.

*

నాలుగో తరగతి వేసవి సెలవుల్లో నన్ను కొట్లో కూర్చోబెట్టడం మొదలెట్టారు. మధ్యాహ్నం తాతయ్య ఇంటికి భోజనానికి వెళ్లి వచ్చే గంటన్నరా నేనే షావుకారుని.

పక్క వీధి కొట్లో పనిచేసే కుర్రాడు ఒకడుండేవాడు, నాకంటే మూడేళ్లు పెద్ద. వాడు ఓ కిటుకు చెప్పాడు. సరుకు పోసే పళ్ళెం అడుగున చింతపండు ముద్ద అంటిస్తే, ఆ ముద్ద బరువు మేరకి సరుకు మిగులుతుంది, పైనుంచి చూసేవాళ్లకి ఏమీ కనపడదు. నాకు అది మోసంలా అనిపించలేదు. లెక్కల్లో సులువు పద్ధతి దొరికినట్టు సంబరపడ్డాను. కుంకుడుకాయంత ముద్ద అంటించాను.

ఆ మధ్యాహ్నం వచ్చింది ఒక్కతే. నెత్తళ్లు అమ్ముకునే ఆవిడ. పెద జాలారిపేట నుంచి గంపతో వచ్చి, సరుకు అమ్ముడయ్యాక ఇంటికి కావాల్సినవి మా కొట్లో కొనుక్కుని వెళ్లేది. మేమంతా నెత్తళ్లప్ప అనేవాళ్లం. అరకిలో పెసరపప్పు తీసుకుంది. నాకు పది పైసలు కూడా మిగిలి ఉండవు, కానీ గొప్ప పని చేసిన ఆనందంలో ముద్ద తీయడం మర్చిపోయాను.

మర్నాడు పొద్దున్న తాతయ్య ఖాళీ తరాజు ఎత్తాడు. ఒక పళ్ళెం కిందికి దిగింది. ఆయన పళ్ళెం తిరగేశాడు. ముద్ద ఊడదీశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. చెవి వైపు కూడా చెయ్యి రాలేదు. ఆ ముద్దని ఒక పళ్ళెంలో పెట్టి, రెండో దాన్లో పెసరపప్పు పోస్తూ వచ్చాడు. ముల్లు నిలబడింది. ఆ పప్పు కాగితంలో పోసి, పైన ఇంకో చిటికెడు వేసి, పొట్లం కట్టాడు. బొటనవేలి మీద దారం రెండు చుట్లు తిప్పి తెంపాడు.

"నిన్న ఎవరొచ్చారు?"

చెప్పాను.

పలకలు మళ్లీ వేయించాడు. నడిమి ఎండలో బస్సెక్కి పెద వాల్తేరు, అక్కడ దిగి ఇసకలో నడక. ఇద్దరి టిక్కెట్ల డబ్బు పెట్టి ఉంటే ఆ పొట్లం లాంటివి చాలా వచ్చేవి. పిసినారి మనిషి, టిక్కెట్టు ఇచ్చేటప్పుడు మొహంలో ఏ బాధా లేదు. నాకు అదే అన్నిటికంటే భయమేసింది.

నెత్తళ్లప్ప ఇంటి ముందు వలలు ఆరేసున్నాయి. ఆవిడ మమ్మల్ని చూసి కంగారుగా లేచింది, బాకీ వసూలుకి వచ్చాం అనుకుని. తాతయ్య పొట్లం చేతిలో పెట్టి, తూకంలో తేడా వచ్చిందమ్మా అన్నాడు. ఎలా వచ్చిందో చెప్పలేదు. ఆవిడ పొట్లం అటూ ఇటూ తిప్పి చూసి పకపకా నవ్వింది.

"ఏటి సావుకారి బావూ, ఈ పాటి దానికి ఇంత ఎండన పడి వొచ్చినారా? మీ పెసరపప్పుల మట్టిబెడ్డలుంతన్నాయి, అదేటో సూడండి ముందు."

తాతయ్య మొహం మాడిపోయింది. నాకు నవ్వాగలేదు.

ఆవిడ లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది. తాతయ్యకి ఇవ్వబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "వొద్దమ్మా, ఇప్పుడే తాగొచ్చాం" అన్నాడు. ఎక్కడా తాగలేదు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఆవిడకి ఇది అలవాటే అనుకుంటాను, ఏమీ అనుకోలేదు, చెంబు వెనక్కి తీసుకుపోబోతూ నా వైపు చూసింది. "దాహమేస్తందా నాయినా?"

తాగేశాను. కుండ నీళ్లు. కొంచెం ఉప్పదనం, కొంచెం మట్టి వాసన, పళ్లు జివ్వుమనేంత చల్లన. చెంబు ఎత్తిపెట్టి తాగుతుంటే చొక్కా లోపలికి కారి పొట్ట దాకా తడిసింది. కిందికి దించేసరికి తాతయ్య సముద్రం వైపు చూస్తున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు ఒక్క మాట లేదు. ఇంటి గడప దగ్గర మాత్రం, మామ్మ ఏమీ అడక్కముందే, "వీడు అక్కడ నీళ్లు తాగాడు" అని చెప్పేసి లోపలికి వెళ్లిపోయాడు. మామ్మ నన్ను పెరట్లో నూతి దగ్గరికి లాక్కెళ్లి, బట్టలతోనే నెత్తి మీద నాలుగు చేదలు కుమ్మరించింది.

చెప్పకుండా ఉంటే సరిపోయేది కదా. చాలా ఏళ్లు అదే నా కోపం.

*

అక్కడే, నూతి పక్క గోడ గూట్లో ఓ సత్తు గ్లాసు ఉండేది. పాకీ పనికి వచ్చే ఆవిడకి, కట్టెలు కొట్టేవాళ్లకి, రిక్షావాళ్లకి ఎవరికి నీళ్లిచ్చినా అందులోనే. ఇంట్లో గ్లాసుల్లో పొరపాటున కలిసిపోకుండా మామ్మ మేకుతో దాని మీద అడ్డంగా గీత గీసి ఉంచింది. ఆ గీత నాకు బాగా గుర్తు, ఒక చివర లోతుగా, ఇంకో చివరకొచ్చేసరికి జారిపోయి.

మామ్మ మాత్రం చెడ్డదా అంటే నోరు రాదు. రేవు ముఖద్వారం దగ్గర మూడు కొండలున్నాయి కదా, ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి, ఒకదాని మీద ఇసాక్ మదీనా దర్గా. పాత పోస్టాఫీసు వైపు వెళ్తే ఆవిడ నడక ఆపి మూడింటికీ కలిపి ఒకటే దండం పెట్టేది, తలమీంచి కొంగు జారితే సర్దుకుని మళ్లీ పెట్టేది. మార్గశిర గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి దగ్గరికి తెల్లవారకుండానే మమ్మల్ని లేపి తీసుకెళ్లేది. ఆ గుళ్లో అమ్మవారికి పైకప్పు లేదు, ఆకాశమే. అడ్డుగా పూజారి ఉండడు, ఎవరి చేతులతో వాళ్లు పసుపూ కుంకుమా పెట్టుకోవచ్చు. వరసలో మా ముందు ఎవరెవరో. గంపలవాళ్లు, కూలీలు, రేవు పనివాళ్ల ఆడవాళ్లు. వాళ్లు రాసిన పసుపు మీదే మామ్మ పసుపు రాసేది, ఆ చేతులే కళ్లకద్దుకునేది.

నీళ్లు కుమ్మరించిన ఏడాది మార్గశిరంలో అడిగేశాను. ఇక్కడ అందరూ ముట్టుకుంటారు కదా మామ్మా, ఇంటికెళ్లి మనం స్నానం చెయ్యాలా అని.

"అమ్మవారు వేరు, మనం వేరు. నడు" అంది.

*

మా అమ్మాయి సైకాలజీ చదివింది. ఇలాంటివి చెబితే దాని దగ్గర ఎప్పుడూ ఓ పేరుంటుంది. పియాజే అనే స్విట్జర్లాండ్ ఆయన దాదాపు వందేళ్ల కిందట గోలీలాడే పిల్లల దగ్గర కూర్చుని, ఈ రూల్స్ ఎవరు పెట్టారు, మార్చొచ్చా అని అడిగేవాడట. మరీ చిన్నవాళ్లు, పెద్దవాళ్లు పెట్టారు, మార్చకూడదు అనేవారట. పదేళ్లు దాటినవాళ్లు, అందరం ఒప్పుకుంటే మార్చుకోవచ్చు అనేవారట.

విన్నాక మా సందు గుర్తొచ్చింది. గోలీల్లో దొంగాట ఆడినవాణ్ణి మేము వారం రోజులు వెలివేసేవాళ్లం. కాలి బొటనవేలితో గోలీ జరపడం అంటే నాకు పాపభయం. అలాంటివాణ్ణి తరాజు కింద చింతపండు అంటించాను, చిత్రం. ఆటలో ఎదుటివాడు నాలాంటివాడే, కొట్లో ఎదుటిది పెద్దావిడ, గిరాకీ. అంతేనేమో.

మా సందులో పోలియో వచ్చిన కుర్రాడు ఒకడుండేవాడు. వాడు వంగి కూర్చోలేడు. ఓ సాయంత్రం, ఎవరు ముందన్నారో గుర్తులేదు, వాడు నిలబడే వెయ్యొచ్చు, గీత రెండడుగులు దగ్గరికి జరపొచ్చు అని తీర్మానించేశాం. పెద్దవాళ్లెవరూ చెప్పలేదు. పైగా వాడు ఆ గీత నుంచి మా గోలీలన్నీ కొట్టేసుకుపోయేవాడు, మళ్లీ గీత వెనక్కి జరపాలని నేనే గొడవపెట్టాను కొన్నాళ్లకి.

బళ్లో నీతిపద్యాలు వందకి తక్కువ కాకుండా కంఠతా పట్టించారు. ఒక్కటీ అవసరమైన సమయానికి గుర్తొచ్చిన జ్ఞాపకం లేదు. గోడకుర్చీ మాత్రం గుర్తుంది.

*

1971 డిసెంబరు యుద్ధం అంటే నాకు నల్లకాగితాలు. కిటికీ అద్దాలకి అంటించడానికి మైదా ఉడికించి జిగురు చేస్తే, నేనూ తమ్ముడూ సగం నాకేశాం. ఓ అర్ధరాత్రి సముద్రం వైపు నుంచి ఢామ్మని వచ్చిన చప్పుడికి గిన్నెల అరలో గిన్నెలు గలగలలాడాయని ఇంట్లో చెప్పుకునేవారు. అది పాకిస్తాన్ సబ్‌మెరీన్ ఘాజీ అని తర్వాత తెలిసింది. చాలామంది ఊరు ఖాళీ చేసి పల్లెలకి పోయారు. కొవ్వొత్తుల ధర వీధి వీధికీ మారిపోయింది. తాతయ్య పాత ధరకే అమ్మాడు, మనిషికి రెండు చొప్పున. అదే పనిగా గుర్తుపెట్టుకుని ఇప్పటికీ కొందరు చెబుతారు.

నాన్న ఉద్యోగస్తుడు. నా డ్రాయింగుకి ఆఫీసు నుంచి ఎరుపూ నీలం పెన్సిల్ తెచ్చిచ్చాడు. తాతయ్య చూసి "ఎక్కడిదిరా?" అన్నాడు. "ఆఫీసుది. అందరూ తెచ్చుకుంటారు." తాతయ్య మరేం అనలేదు. నేను దాన్ని గోరంత మిగిలేదాకా వాడాను, నీలం వైపు ముందు అయిపోయింది.

తాతయ్య పోయాక, పదో రోజు రాత్రి అరుగు మీద కూర్చుని నాన్న ఓ సంగతి చెప్పాడు. 1966లో ఉక్కు ఉద్యమం అప్పుడు, నవంబరు 1న కాల్పులు జరిగిన రోజు, పిల్లలు సందులమ్మట పడి పరిగెత్తారట. నేనప్పటికి ఇంకా మాటలు సరిగ్గా రాని వయసు. తాతయ్య పలకలు వేసేస్తున్నాడు, తొమ్మిదో పలక దాకా వచ్చాడు. ముగ్గురు కుర్రాళ్లు ఆ సందులోంచి లోపలికి దూరారు. ఒకడికి చెప్పుల్లేవు, మోకాలు చెక్కుకుపోయి ఉంది. ఎవరు మీరని అడగలేదట. మిగిలిన రెండు పలకలూ వేసి, బయట నిలబడి తాళం తిప్పుతుండగా పోలీసులొచ్చారు. లోపల ఎవరైనా ఉన్నారా?

"తాళం వేస్తున్నాను కదా బాబూ, లోపల ఎలకలున్నాయి" అన్నాడట మా తాతయ్య.

నాన్న నవ్వుతూనే చెప్పాడు. వాళ్లని చీకటి పడ్డాక బియ్యం బస్తాల బండి మీద దాటించారని, ఒకడు దారిలో బెల్లం తినేశాడని. నేను మాత్రం నవ్వలేకపోయాను. పోలీసు మొహం మీదే అంత సులువుగా అబద్ధమాడినవాడు, ఆ రోజు గడప దగ్గర నా కోసం ఒక్క క్షణం నోరు మూసుకోలేకపోయాడా. ఆ కుర్రాళ్ల విషయంలో ఆయన్నెవరు ఆడించారు, నా విషయంలో ఎవరు ఆపారు. ఆయన్నే అడుగుదామంటే పదో రోజు అయిపోయింది.

*

పిన్ని ఆ ఇంటికి పదహారేళ్లప్పుడు కోడలిగా వచ్చింది. మామ్మ చేతి కింద మడీ దడీ అన్నీ నేర్చుకుంది. మామ్మ పోయినా గూట్లో గ్లాసు గూట్లోనే ఉంది. పిన్ని కూడా అదే పద్ధతి నడిపింది, నేను ఒకటి రెండుసార్లు గునిస్తే, "మీరు హైదరాబాదులో ఉంటార్రా, నేనిక్కడుండాలి" అనేది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. ఫోన్లు లేవు, మూడో రోజుకి గానీ నేను ఊళ్లోకి రాలేకపోయాను. చెట్టన్నది నిలబడి లేదు. కరెంటు లేదు కాబట్టి కుళాయిల్లో నీళ్లు లేవు, అపార్ట్‌మెంట్ల మోటార్లు ఆడవు. పాలపాకెట్టుకి ఎంత పడితే అంత అడుగుతున్నారు, పెట్రోలు బంకుల దగ్గర కిలోమీటరు లైన్లు.

మా ఇంటి సందులోకి తిరిగేసరికి అక్కడా ఓ లైను. ముందు భయపడ్డాను. చూస్తే పెరటి తలుపు బార్లా తీసి ఉంది. ఎన్నో ఏళ్లుగా వాడని గిలక కిర్రు కిర్రుమంటోంది. సందులోవాళ్లు, ఎదర అపార్ట్‌మెంటు వాళ్లు, రెల్లివీధి వాళ్లు, బిందెలతో, బకెట్లతో, పెయింటు డబ్బాలతో. చేద ఎవరికందితే వాళ్లు లాగుతున్నారు. పిన్ని అరుగు మీద కూర్చుని పిల్లలకి తాగడానికి గ్లాసుల్లో పోస్తోంది. నన్ను చూసి, ఎలా వచ్చావురా, ఏమైనా తిన్నావా, ఏమీ అడగలేదు.

"గ్లాసులు చాలట్లేదురా. అటక మీద స్టీలువన్నీ దించు."

దించాను. పెళ్లిళ్లలో వచ్చినవి, పేర్లు కొట్టించినవి, నలభై దాకా. కడిగి తెచ్చి పెడుతూ గూటి వైపు చూశాను. ఖాళీగా ఉంది. సత్తు గ్లాసు కోసం కాసేపు వెతికాను. అది తిరుగుతూనే ఉంది, ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకో.

తర్వాత దాని గురించి పిన్నిని ఎప్పుడైనా అడుగుదామనుకున్నాను. అడగలేదు.

*

బెల్లం తీసుకుని వచ్చేసరికి వంట మొదలుపెట్టేశారు, ఆలస్యం చేసినందుకు చివాట్లు తిన్నాను. భోజనాలయ్యాక అందరూ నడుం వాల్చారు. వంటింట్లో గ్లాసులు కడిగి బోర్లించి ఉన్నాయి. తమ్ముడి మనవడు, ఏడేళ్లవాడు, ఆడి ఆడి వచ్చి అందింది తీసుకుని బిందెలో ముంచాడు. సత్తుది. గటగటా తాగి, మూతి తుడుచుకుని, గ్లాసు వెలుతురులో పెట్టి చూశాడు.

"పెద్దతాతా, దీని మీద ఈ గీతేంటి?"

"ఏదో గీసుకుపోయిందిలే, పాతది కదా" అన్నాను.

వాడు ఇంకో గ్లాసుడు ముంచుకున్నాడు.